గోడ బయట ఏలియా

కొండ మీది జంతువులను చూడటానికి నరసరావుపేట నుంచి ప్లీడరు గోపాలకృష్ణయ్య గారు వస్తున్నారు, దారి చూపించే మనిషి కావాలి అని ఫారెస్టు గార్డు నూర్ మొహమ్మద్ వచ్చి చెప్పినప్పుడు, రాహేలు గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తూ ఉంది. ఆ పేరు వినగానే చెయ్యి ఆగింది. నాలుగేళ్ళుగా ఆ పేరును ఆమె పొద్దున లేవగానే ఒకసారి, నడుం వాల్చే ముందు ఒకసారి నోరారా తిట్టుకుంటూ వస్తోంది. ప్రార్థన ఏ పూటైనా మరిచిందేమో గాని ఇది మరవలేదు.

"పైన ఊటలన్నీ ఎండిపొయ్యినయ్. యాడ తడి ఉందో నీకు తెలిసినట్టు మగోళ్ళకి గూడా తెలీదు. అందుకని నీ పేరు చెప్పా," అన్నాడు నూర్ మొహమ్మద్.

"నేనెవరో ఆయనకి తెలుసా, అన్నా?"

"నిన్నెప్పుడు చూశాడు గనక." అతను కాసేపు తన బూట్ల వంక చూసుకున్నాడు. "నాకు మోకాళ్ళ నొప్పులు. నేను కింద బంగళాలోనే ఉండిపోతా. పైకి మీ ఇద్దరే."

రాహేలుకు అర్థమైంది. ఆనాటి పంచనామా మీద సంతకం పెట్టినవాళ్ళలో ఇతనూ ఒకడు. నలుగురు పిల్లలు, సర్కారు ఉద్యోగం, భయం. పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకోలేడు గనక ఈపాటి సాయం చేస్తున్నాడు. ఆమె అతనికి దండం పెట్టలేదు, తిట్టనూ లేదు. గింజలు చేటలో పోసి లేచింది.

జరిగింది ఇది. నలభై రెండులో, మిరప కోతల రోజుల్లో, ప్లీడరు గారు పులివేటకు వచ్చారు. రాహేలు మొగుడు ఏలియా తప్పెటగాళ్ళకు పెద్ద. పొదలకు అటుపక్క నుంచి తప్పెట్లు వాయిస్తూ, కేకలు పెడుతూ పులిని మంచె ఉన్న వైపు తోలటం వాళ్ళ పని. ఆ పనికి ఒక కట్టు ఉంది. తుపాకి పేలాక తప్పెట పెద్ద నిలబడ్డ చోటి నుంచే "దెబ్బా, దాటా?" అని గొంతెత్తి అడుగుతాడు. మంచె మీంచి "దెబ్బ" అని జవాబొస్తే పులికి గాయమైందన్న మాట. అందరూ చెట్లెక్కుతారు. కాల్చినవాడే మంచె దిగి, నెత్తురు జాడ పట్టుకుని వెళ్ళి దాని పని ముగించాలి. "దాటు" అని వస్తే గురి తప్పింది, పులి వెళ్ళిపోయింది. తప్పెట్లు భుజాన వేసుకుని ఎవరి ఇంటికి వాళ్ళు పోవచ్చు. ఎంతటి దొర అయినా ఈ ఒక్క చోట అబద్ధం చెప్పడు. అవతలివాడి ప్రాణం ఆ మాటను నమ్ముకుని నడుస్తుంది.

గోపాలకృష్ణయ్య గారి గుండు పులి తొడలో దిగింది. కళ్ళారా చూశారు. మంచె దిగడానికి మాత్రం కాళ్ళు రాలేదు. "దాటు" అన్నారు. ఏలియా నిశ్చింతగా చుట్ట ముట్టించుకుని, ఇంటిదారిన నడిచి, వాగు మలుపులో దాని నోట్లోకే వెళ్ళాడు. మర్నాడు విచారణ అయితే ప్లీడరు గారు ఇచ్చిన వాఙ్మూలం ఒకే ఒక్క ముక్క: "తాగి ఉన్నాడు. వద్దంటున్నా పొదల్లోకి దూరాడు." ఆ ముక్కతో ఆయన లైసెన్సు నిలిచింది, పరువు నిలిచింది. పన్నెండు రోజులకు రాహేలు ఎండుపుల్లల కోసం తిరుగుతూ, ఒక లోయలో ఆ పులి కళేబరాన్ని చూసింది. తొడలో గుండు దెబ్బ. చూసిన సంగతి ఎవరికి చెప్పినా, "ఊరుకోవే, పెద్దోళ్ళతో ఎందుకు?" అన్నారు.

ఆమె ఊరుకునేదే. చచ్చినవాడు ఎట్లాగూ తిరిగి రాడు. కాని కొండ కింది ఆ పల్లెలో క్రైస్తవ సంఘం కట్టుబాట్లు చాలా గట్టివి. తాగి చచ్చినవాడి పేరు సంఘం పుస్తకంలో ఉండదు. పేరు లేనివాడికి సమాధుల దొడ్డి గోడ లోపల చోటుండదు. సంఘపెద్ద ఇశ్రాయేలు ఏలియాకు స్వయానా అన్న. తమ్ముడని పక్షపాతం చూపించాడన్న మాట రాకూడదని ఆయనే కలం పట్టుకుని ఆ పేరు కొట్టేశాడు. జన్మలో కల్లు ముంత ముట్టని ఏలియాను గోడ బయట, పల్లేరు కంపలో పూడ్చారు. ఏటా ఈస్టరు తెల్లవారుజామున అందరూ సమాధులకు సున్నం కొట్టి, దీపాలు పెట్టి, పోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఏలియా పేరు ఎవరూ చదవరు. నాలుగు ఈస్టర్లు ఆమె గోడ బయట నిలబడి ఆ పేర్లన్నీ వింది. అతన్ని గోడ లోపలికి తేవాలి. ఆమె బతుకుతున్నది అందుకే.

శుక్రవారం పొద్దున్నే కొండెక్కటం మొదలుపెట్టారు. ప్లీడరు గారికి నలభై ఐదు దాటినా మనిషి గట్టివాడే. ఖాకీ నిక్కరు, మేజోళ్ళు, మెడలో కెమెరా. నీళ్ళకు తన మరచెంబు, యుద్ధంలో మిగిలిన మిలటరీ సీసాలు రెండు. వాటిని రాహేలు మూటలో పెట్టనివ్వలేదు, తనే భుజాన తగిలించుకున్నాడు. కంబళ్ళు, అటుకుల సంచి, కెమెరా నిలబెట్టే ముక్కాలి కర్ర మాత్రం ఆమె నెత్తిన పెట్టాడు. అవి ముడితే మైల కావు కాబోలు.

కింద నుంచి చూస్తే అది ఒకటే కొండ. ఎక్కితే ఒకదాని వెనక ఒకటి మూడు. మూడోది ఎక్కాక నేల చదునై, మనిషెత్తు బోదగడ్డి, మధ్య మధ్య నల్లమద్ది చెట్లు, ఎటు చూసినా ఒకేలా కనిపిస్తుంది. కొత్తవాడు అక్కడ తన నీడను తానే పోగొట్టుకుంటాడు. రాహేలు పెళ్ళయిన కొత్తలో ఏలియాతో కలిసి తేనెకూ కుంకుళ్ళకూ ఆ గడ్డిలో వందసార్లు తిరిగింది.

"ఉత్తరాదిన ఇట్లాంటి చోటును పార్కుగా చేశారమ్మా," అన్నారు ప్లీడరు గారు, ఆయాసం తీర్చుకుంటూ. "తుపాకి లోపలికి రానివ్వరు. పులి దాని మానాన అది బతుకుతుంది. ఈ కొండనూ అట్లా చెయ్యాలని గవర్నమెంటుకు రాస్తున్నాను. ఫోటోలు జత చేస్తే నమ్ముతారు."

"మరి మనుషుల సంగతేందండీ?"

"ఏ మనుషులు?"

"కొండ మీద తిరిగి బతికేవోళ్ళు."

"వాళ్ళకు ఇంకేదో చూస్తారులే," అన్నారాయన ఉదారంగా.

మధ్యాహ్నం చెట్టు నీడన రాహేలు తన సొరబుర్ర ఎత్తి నీళ్ళు తాగింది. ఆయన చుక్క పడుతుందేమోనని రెండడుగులు అవతలికి జరిగాడు. ఆమె మూతి తుడుచుకుని వినయంగా అంది: "పైన ఎండ చానా ఎక్కువ బాబు గారూ. నా బుర్ర నిండా ఉన్నయ్. కావాల్సొస్తే అడగండి."

"వద్దులే. నావి నాకున్నాయి. రేపు ఊట దగ్గర నేనే పట్టుకుంటాను."

ఆ జవాబు కోసమే ఆమె అడిగింది. పిలిచి పెడతానన్నా వద్దన్న మనిషి రేపు ఎవర్నీ తప్పుపట్టలేడు. అయినా అప్పటికింకా ఆమెకు మనసు రెండు విధాలుగా ఉంది. ఆయన గొంతు ఎండేదాకా తిప్పాలా, లేక కాళ్ళు పట్టుకుని నిజం చెప్పమని బతిమాలాలా అని ఎటూ తేల్చుకోలేకపోయింది.

తేల్చింది ఆయనే. శనివారం పొద్దున మంచు విడుతుండగా పెద్ద దుప్పుల్లాంటి కణుతుల మంద గడ్డిలోంచి తలలెత్తింది. ఆయన బోర్లా పడుకుని, మోచేతుల మీద పాకి ఫోటోలు తీశాడు. పుట్ట తవ్వుతున్న ఎలుగుబంటిని చూసి ఊపిరి బిగబట్టాడు. రేచుకుక్కలు దుప్పిని తరుముతుంటే అయ్యో అయ్యో అన్నాడు. ఆ సంబరం నటన కాదు. అదే రాహేలుకు కంటగింపైంది. ఇంత సుకుమారమైన మనసు ఆ రోజు ఏ గంగలో కలిసిందో.

"నేను వేట ఎందుకు మానేశానో తెలుసా?" అన్నాడు ఆయన, రెండో సీసా మూత తిప్పుతూ. "నాలుగేళ్ళ కిందట ఈ కొండ కిందే. పులి నా గురి ముందుకు వచ్చి నిలబడింది. దాని కళ్ళలోకి చూశాను. తుపాకి దించేశానమ్మా. పోనీ, బతకనీ అనుకున్నాను. దీని గురించి పేపర్లో కూడా రాశాను."

"మీ కూడా ఉన్నోళ్ళు ఏమన్నారండీ?"

"వాళ్ళకేం అర్థమవుతుంది? తప్పెట కొట్టేవాడొకడు తాగి చచ్చాడు కూడా ఆ రోజే. అదొక చికాకు."

చికాకు. రాహేలు ఆ మాటను నోట్లో వేసుకుని నమిలింది. తొమ్మిదేళ్ళ కాపురం, పల్లేరు కంపలో ఒక మట్టిదిబ్బ, ఆయనకు చికాకు. ఆమె మూట ఎత్తుకుని, "పదండి బాబు గారూ, ఊట ఇటు," అని తూర్పుకు తిరిగింది. ఊట పడమరన ఉంది.

మిట్టమధ్యాహ్నం దాకా తిప్పింది. కెమెరా ధ్యాసలో ఆయన రెండు సీసాలూ ఖాళీ చేశాడు. మరచెంబు కూడా అయిపోయింది. రెండుసార్లు ఆమె ఆయన్ని ఊటకు పిలుపు దూరంలోనుంచి నడిపించింది. అక్కడ అడవికోళ్ళు అరుస్తున్నాయి. అవి నీళ్ళ దగ్గరే అట్లా గుమిగూడతాయని పేపర్లో రాసేవాడికి తెలియలేదు. "ఇంకెంత దూరం?" అంటే "ఆ మద్దిచెట్ల అవతల," అంది. మద్దిచెట్లు ఆ కొండ మీద లెక్కకు లేనన్ని. ఆయన పెదాలు తెల్లబడ్డాయి. మూడో ఝాముకు కాళ్ళు తడబడి ఒక చెట్టు మొదట్లో కూలబడ్డాడు.

రాహేలు ఇరవై అడుగుల అవతల నిలబడి, గొంతెత్తి, లోయలు మారుమోగేలా అడిగింది:

"దెబ్బా, దాటా?"

ఆయన తల ఎత్తాడు. ఎండకు కమిలిన మొహం మీద ఒక్కసారిగా నెత్తురు లేకుండా పోయింది.

"ఎవరు నువ్వు?"

"ఆ చికాకు పెళ్ళాన్ని."

ఆయన లేచాడు. ప్లీడరు బుర్ర గదా, ముందు బెదిరించాడు. జైల్లో పెట్టిస్తానన్నాడు. తర్వాత, తనే వెతుక్కుంటానని గడ్డిలోకి పడి పోయాడు. రాహేలు కదలలేదు. వదిలేసి వెళ్ళిపోతే రెండు రోజుల్లో రేచుకుక్కలు చూసుకుంటాయి. ఆ మాట తలుచుకుంటే ఆమెకు మజ్జిగ తాగినంత చల్లగా ఉంది. కాని చచ్చినవాడు సాక్ష్యం చెప్పడు. ఇతను ఇక్కడ చస్తే ఏలియా ఎప్పటికీ తాగుబోతే. అందుకని కూర్చుంది. గంట తిరిగి, ముళ్ళకు చొక్కా చించుకుని, ఆయన మళ్ళీ అదే చెట్టు దగ్గరకు వచ్చి తేలాడు. ఆమెను చూసి మోకాళ్ళ మీద పడ్డాడు.

"దెబ్బే," అన్నాడు. "తొడలో తగిలింది. చూశాను. దిగాలంటే భయమేసింది. దాటు అన్నాను. తర్వాత ఇక ఆ మాట మార్చలేకపోయాను."

"తాగి ఉన్నాడా?"

"లేదు. నీళ్ళు పొయ్యమ్మా."

"ఇవి మా గూడెం నీళ్ళు బాబూ."

ఆయన దోసిలి పట్టాడు. రాహేలు వెంటనే పొయ్యలేదు. ఆ చేతులు వణకటం కాసేపు చూసింది. నాలుగేళ్ళలో కంటికి ఇంత ఇంపైన దృశ్యం ఆమెకు దొరకలేదు. చూసి చూసి ఒక్క దోసెడు పోసింది. ఆయన వేళ్ళ సందులు కూడా నాక్కున్నాడు.

"ఇక్కడ చెబితే కణుతులు వింటయ్. రేపు ఆదివారం. మా గుళ్ళో చెప్పాలి," అంది.

"చెబుతాను. ఒట్టు. ఆ బుర్ర ఇటివ్వు."

"మీరు ప్లీడర్లు. గొంతు తడిస్తే మాట మారుద్ది. మళ్ళా పొద్దుగూకినాక ఒకటి పోస్తా. పొద్దున నడిచేటప్పుడు రెండు. మిగతాయి గుడిమెట్ల కాడ."

అట్లాగే చేసింది. ఆదివారం తెల్లవారగానే బంగళా దారి కాకుండా ఉత్తరపు గండిలోంచి దింపింది. ఆయన కెమెరా ఎక్కడ జారిపోయిందో కూడా ఆయనకు తెలియదు. రెండో పాట పాడుతుండగా గుడి వాకిట్లోకి వచ్చారు. చిరిగిన చొక్కాతో, చీరుకుపోయిన మోకాళ్ళతో దొర లాంటి మనిషి గుమ్మం పట్టుకుని నిలబడేసరికి పాట ఆగిపోయింది. వాకిట్లో బావి ఉంది, చేద ఉంది. ఆయన అటు చూశాడు. రాహేలు బావికీ ఆయనకూ మధ్య నిలబడి, "ముందు లోపలికి," అంది.

ఆయన లోపలికి వెళ్ళి చెప్పాడు. అంతా చెప్పాడు. మంచె, గుండు, భయం, ఒక్క మాట అబద్ధం, వాఙ్మూలం, పేపర్లో రాసిన గొప్పలు. మొదట గొంతు బొంగురుగా మొదలై, పోనుపోను పట్టు దొరికింది. ఎంతైనా కోర్టుల్లో మాట్లాడిన నోరు. "ఆ మనిషి నా మాటను నమ్మి నడిచాడు, నేను చంపాను," అని ఆయన ఏడ్చినప్పుడు బెంచీల మీద ఆడవాళ్ళు ఏడ్చారు. పాస్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఎవరో పరుగెత్తి వెళ్ళి ముంతతో మజ్జిగ తెచ్చారు. ఆయన తాగాడు. తాగి, కళ్ళు తుడుచుకున్నాక, ఆయన మొహం జ్వరం దిగినవాడి మొహంలా తేలికపడింది.

అది చూసి రాహేలుకు ఒళ్ళు మండిపోయింది. తను నాలుగేళ్ళు మోసిన బరువు. వీడు పావుగంటలో దించుకుని, పైగా అందరి చేతా అయ్యో అనిపించుకుని, మజ్జిగ తాగుతున్నాడు. కొండ మీద వణికిన ఆ చేతులు ఇప్పుడు ఆమెకేసి తిరిగి జోడించుకుని నిలబడ్డాయి.

ఇశ్రాయేలు పుస్తకం తెరిచి, అందరి ముందూ తమ్ముడి పేరు తిరిగి రాశాడు. ఆ తర్వాత పాస్టరు గారు ఆమె వైపు తిరిగారు.

"రాహేలమ్మా, ఆయన క్షమాపణ అడుగుతున్నాడు. ఒక్క మాట చెప్పు."

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. నాలుగేళ్ళుగా ఊటల దగ్గర్నుంచి గండిదారి దాకా అన్నీ ఆలోచించింది గాని, ఈ కట్టు ఆలోచించలేదు. గుళ్ళో తప్పు ఒప్పుకుని క్షమించమన్నవాడికి బాధపడ్డవాళ్ళు అందరూ వినేలా "క్షమించాను" అనాలి. అననివాళ్ళు రొట్టె తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరకు రాకూడదు, అనేదాకా పుస్తకంలో పేరుండదు. కోడిపెట్ట తగాదాలో, గట్టు తగాదాలో తనే రెండుసార్లు ఆ మాట అంది. బజార్లో చెప్పించి ఉంటే ఈ చిక్కే లేదు. తానే చేజేతులా గుడికి తీసుకొచ్చింది.

"నేననను," అంది.

"అమ్మాయ్," అన్నాడు ఇశ్రాయేలు మెల్లగా. "పైపైనన్నా అనెయ్."

"గుళ్ళో పైపైన అనేది ఏంది బావా? ఆయన అబద్ధం చెప్పబట్టే గదా ఇంత జరిగింది. నాకు క్షమించాలని లేదు. లేనప్పుడు ఎట్టా అంటాను?"

ఇశ్రాయేలు చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. తమ్ముడి పేరు కొట్టేసిన మనిషి, తమ్ముడి పెళ్ళానికి వేరే కట్టు పెట్టలేడు. రాహేలు పేరు మీద గీత గీశాడు. ప్లీడరు గారు ఏదో చెప్పబోతే పాస్టరు గారు వద్దని సైగ చేశారు. ఆయన్ని పల్లెవాళ్ళే బండి కట్టి మాచర్ల దాకా దిగబెట్టి వచ్చారు.

ఆ నెల్లోనే ఇశ్రాయేలు సమాధుల దొడ్డి గోడ ఒక పక్కన విప్పి, ఏలియా సమాధి చుట్టూ తిప్పి, మళ్ళీ రాయి పేర్చాడు. ఆ రాళ్ళలో సగం రాహేలే నెత్తిన మోసింది. ఆఖరి వరస పేర్చేటప్పుడు ఆమె బయట ఉండి అందిస్తే, ఆయన లోపలుండి అందుకున్నాడు.

ఈస్టరు తెల్లవారుజామున దీపాలు పెట్టి పేర్లు చదివారు. ఏలియా పేరు చదివారు. గోడ బయట నిలబడి రాహేలు విన్నది. కడుపు నిండింది. అంతలో ఇశ్రాయేలు కొవ్వొత్తి పట్టుకుని గోడ దగ్గరకు వచ్చాడు.

"వాడి పక్కన నీకు చోటుంచి గోడ పెట్టా, అమ్మాయ్. ఒక్క మాట అంటే అది నీది. అనకపోతే రేపు నిన్ను నేనే గోడ బయట పూడ్చాల. నన్ను మళ్ళా ఆ పని చెయ్యనియ్యొద్దు."

రాహేలు గోడ మీంచి చూసింది. తెల్లగా సున్నం కొట్టిన సమాధి, దాని పక్కన మనిషి పడుకునేంత ఖాళీ నేల. తొమ్మిదేళ్ళు ఆ పక్కనే పడుకుంది. ఇప్పుడు నోరు తెరిచి నాలుగక్షరాలు అంటే చాలు. నోరు తెరిచింది కూడా. మజ్జిగ తాగి తేలికపడ్డ ఆ మొహం కళ్ళ ముందుకు వచ్చింది.

"ఆ చోటు ఇంకెవరికన్నా ఇయ్యి, బావా," అంది.

నాలుగేళ్ళలో మొదటిసారి ఆమెకు ఏడుపొచ్చింది. గోడ పట్టుకుని, తెల్లవారి అందరూ వెళ్ళిపోయేదాకా ఏడ్చింది. ఆ మాట మాత్రం అనలేదు.